రుద్రమదేవి పేరు ఎలా నిలిచింది?

- పూర్వ విద్యార్థిని, ఎం.ఏ. (చరిత్ర)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్యాసం రాసి పంపమని కబురు వచ్చినప్పుడు "విద్య యొక్క ప్రాముఖ్యత" మీద రాద్దామనుకున్నాను. కానీ ఆ వ్యాసం ప్రతి సంచికలోనూ ఉంటుంది. నేనే తొమ్మిదో తరగతిలో ఒకసారి రాశాను. అందుకని ఈసారి నేను చదువుకున్న విషయం మీదే రాస్తున్నాను. చదువుకున్న విషయం అన్నాను గానీ, అందులో సగం మా అమ్మ కూలి లెక్కల పుస్తకం దగ్గర అర్థమైంది. అది ముందు చెప్పాలి.

మా అమ్మ మిరపకాయల కోతకు ముఠాతో పోతుంది. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండలు ముదిరే దాకా అదే పని. పోయిన ఏడాది నేను సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, వారం కూలి డబ్బుల్లో ఒక రోజుది తగ్గింది. లెక్క చూడమని అమ్మ నన్ను మేస్త్రి దగ్గరకు తీసుకెళ్ళింది. ఆయన పుస్తకం తెరిచి చూపించాడు. పాతిక మంది ఆడవాళ్ళు ఉన్న ముఠా అది. అందులో పేరుతో ఉన్నవాళ్ళు నలుగురో ఐదుగురో. మిగతా వాళ్ళంతా "ఫలానా వాడి భార్య", "చర్చి పక్కామె", "పెద్దోడి కోడలు". మా అమ్మ కూడా మా నాన్న పేరు కింద ఉంది. మా నాన్న పేరే ఉన్న ఇంకొకాయన భార్య కూడా అదే ముఠాలో ఉంది. రెండు ఒకే రకంగా రాసి ఉండేసరికి ఒక రోజు కూలి అటు పోయింది. మేస్త్రి చెడ్డవాడేమీ కాదు, వెంటనే సరిచేశాడు. డబ్బులు వచ్చాయి. పేరు మాత్రం అట్లాగే ఉంది.

ఆ వారంలోనే నేను మార్కోపోలో మన తీరం గురించి చెప్పిన మాటలు చదువుతున్నాను. అక్కడా ఇదే కనిపించింది. ఆయన కూడా ఒక మహారాణి పేరు రాయకుండా "రాజు గారి భార్య" అని రాసుకున్నాడు. ఆ మహారాణే మన రుద్రమదేవి.

మన ఊళ్ళ దగ్గర మోటుపల్లి

చీరాల నుంచి ఒంగోలు వైపు రైల్లో పోతుంటే చినగంజాం స్టేషన్ వస్తుంది. అక్కడి ఉప్పు కొఠార్లు మీలో చాలామందికి తెలుసు. ఆ దగ్గర్లోనే సముద్రం పక్కన ఉంది మోటుపల్లి. నిన్నమొన్నటి దాకా ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. ఇప్పుడు చూస్తే సరుగుడు చెట్లు, ఇసుక, పాత గుళ్ళు కనిపించే చిన్న ఊరు. కానీ 13వ శతాబ్దంలో అది కాకతీయుల పెద్ద రేవు. ఓరుగల్లు నుంచి పాలించే రాజులకు సముద్రం మీదికి తెరిచిన వాకిలి అది.

రుద్రమ తండ్రి గణపతిదేవుడు 1244లో అక్కడ ఒక అభయ శాసనం వేయించాడు. వీరభద్రుడి గుడి దగ్గర ఉన్న ఆ శాసనం సారాంశం ఇది: పూర్వపు రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాగేసుకునేవాళ్ళు, ఇకమీదట అట్లా జరగదు, ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ళ దగ్గర మామూలు సుంకం తప్ప ఇంకేమీ తీసుకోము. ఆ సుంకం ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం వంటి సరుకుల పేర్లు కూడా అందులో ఉన్నాయి. మన ప్రాంతంలో మంచి పత్తి బట్ట నేసేవాళ్ళు, అది ఓడలెక్కేది. వ్యాపారం నడిచే చోట మాటలు కూడా ఓడలెక్కి పోతాయి. రుద్రమ కీర్తి ప్రపంచానికి తెలిసింది ముందు ఈ దారిలోనే.

మార్కోపోలో ఇటలీ దేశంలోని వెనిస్ నగరపు వర్తకుడి కొడుకు. చైనా నుంచి తిరిగి వెళ్తూ 1290ల మొదట్లో దక్షిణ భారతదేశపు తీరం మీదుగా ప్రయాణించాడు. ఇంటికి చేరాక ఒక యుద్ధంలో పట్టుబడి జెనోవా జైలులో ఉన్నప్పుడు, 1298 ప్రాంతంలో, తోటి ఖైదీకి తన ప్రయాణాలన్నీ చెప్పి రాయించాడు. అందులో "ముత్ఫిలి" అనే రాజ్యం వస్తుంది. అది మోటుపల్లే అని చరిత్రకారులు గుర్తించారు. ఆ రాజ్యంలో వజ్రాలు దొరుకుతాయంటాడు. పాములున్న లోయల్లోకి మాంసం ముద్దలు విసిరితే వజ్రాలు వాటికి అంటుకుంటాయనీ, గద్దలు ఆ మాంసాన్ని పైకి తెస్తాయనీ ఒక కథ కూడా చెప్తాడు. (ఈ కథ చిన్నపిల్లలకు చెప్పండి, బాగా వింటారు.) అక్కడ నేసే సన్నని బట్టలు సాలెగూడు లాగా ఉంటాయనీ, ఏ రాజైనా రాణైనా కట్టుకోవడానికి ఇష్టపడతారనీ మెచ్చుకున్నాడు. ఆ రాజ్యాన్ని ఏలుతున్న రాణి చాలా వివేకవంతురాలనీ, న్యాయం, శాంతి కోరుకునే మనిషనీ, ప్రజలు ఆమెను ఎంతగానో ప్రేమించారనీ చెప్పాడు.

ఇంత మంచిగా చెప్పినవాడు రెండు తప్పులు చెప్పాడు. ఆమె రాజు గారి భార్య అనీ, భర్త చనిపోయి నలభై ఏళ్ళయిందనీ, ఆయన పాలించినట్టే తానూ పాలిస్తోందనీ అన్నాడు. నిజానికి రుద్రమ గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వంశీకుడైన వీరభద్రుడు. సింహాసనం ఆమెకు మెట్టినింటి నుంచి రాలేదు, పుట్టింటి నుంచి వచ్చింది. ఇక నలభై ఏళ్ళ సంగతి: గణపతిదేవుడు 1269 ప్రాంతం దాకా బతికే ఉన్నాడు. మార్కోపోలో మన తీరం దాటే నాటికి రుద్రమే లేదు. ఆమె మరణం 1289కి ముందో, ఆ ఏడాదిలోనో జరిగింది. అంటే ఆమె చనిపోయిన తరవాత కూడా ఓడల వాళ్ళు ఆమె ఇంకా ఏలుతోందన్నట్టే చెప్పుకుంటున్నారన్నమాట.

ఆయనను తప్పుపట్టడం తేలిక. రేవుల్లో విన్న మాటలు, పైగా భాష తెలియదు. ఒక ఆడమనిషి రాజ్యం చేస్తోందంటే, భర్త చనిపోయి ఉంటాడులే అని వినేవాడి బుర్ర దానంతట అదే అనుకుంటుంది. తమాషా ఏమిటంటే మన తెలుగువాళ్ళూ అదే అనుకున్నారు. కాకతీయుల తరవాత కాలంలో వచ్చిన ప్రతాపరుద్ర చరిత్రంలో కూడా రుద్రమ గణపతిదేవుడి భార్యే. వెనిస్ వాడికి భాష రాక తప్పు జరిగింది, మనవాళ్ళకు ఏం రాక జరిగింది?

మల్కాపురం రాయి

ఈ తప్పును తేల్చిచెప్పే రాయి గుంటూరు జిల్లాలోనే ఉంది. తుళ్ళూరు మండలంలో మందడం పక్కన మల్కాపురం అనే ఊరు. అక్కడ శివాలయం దగ్గర మనిషి ఎత్తును మించిన రాతి స్తంభం ఒకటుంది. చుట్టూ అక్షరాలు, సంస్కృతంలోనూ తెలుగులోనూ. దాని కాలం శక సంవత్సరం 1183, అంటే క్రీ.శ. 1261. నేను వెళ్ళినప్పుడు పక్కనే ఒక ముసలాయన గేదెను కడుగుతున్నాడు. "ఏం జూస్తన్నావమ్మా, దాంట్లో ఏవుంది?" అని అడిగాడు. "మీ ఊరు ఎవరిచ్చారో రాసి ఉంది తాతా" అన్నాను. "ఊరు ఇచ్చేదేందే, ఊరు తీసుకోవటం జూశాం గానీ" అన్నాడు. రాజధాని కోసం భూములిచ్చిన ప్రాంతం అది, ఆయన మాటకు నా దగ్గర జవాబు లేదు.

శాసనం చెప్పేది ఇది. గణపతిదేవుడికి విశ్వేశ్వర శివాచార్యుడు అనే గురువు ఉండేవాడు. ఆయన గౌడదేశంలోని రాఢ ప్రాంతం నుంచి, అంటే ఇప్పటి బెంగాల్ వైపు నుంచి వచ్చిన శైవుడు, గోళకీ మఠానికి చెందినవాడు. గణపతిదేవుడు ఆ గురువుకు మందడం ఇస్తానని మాట ఇచ్చాడు. ఆ మాటను శాసనం చేసి, మందడంతో పాటు వెలగపూడిని, కృష్ణా నదిలోని లంక భూమిని కలిపి ఇచ్చింది ఆయన కూతురు రుద్రమదేవి. కూతురు అనే శాసనంలో స్పష్టంగా ఉంది. భార్య కాదు. ఇంకో మాట, ఆ వెలగపూడిలోనే 2016 నుంచి రాష్ట్ర సచివాలయం నడుస్తోంది. ఫైళ్ళు పట్టుకుని రోజూ అక్కడికి పోయేవాళ్ళలో ఎంతమందికి ఆ నేల రుద్రమ దానమిచ్చినదని తెలుసో!

సినిమా చూసినవాళ్ళకు ఇక్కడ ఒక అనుమానం రావాలి. గుణశేఖర్ గారి "రుద్రమదేవి" సినిమా 2015లో వచ్చింది. అప్పుడు నేను ఇదే హాస్టల్లో ఉన్నాను. అనుష్క కత్తి తిప్పే సీనును మేము డార్మిటరీలో దువ్వెనలతో ఎన్నిసార్లు ఆడామో లెక్కలేదు. అందులో ఆమెను చిన్నప్పటి నుంచి మగపిల్లవాడిగా దాచి పెంచుతారు, ఆడపిల్ల అన్న రహస్యం తరవాత బయటపడుతుంది. కథగా చాలా బాగుంటుంది. కానీ 1261లో, తండ్రి బతికి ఉండగానే, నలుగురూ చూసే రాయి మీద ఆమె కూతురని చెక్కి ఉంటే ఇక రహస్యం ఎక్కడుంది? ఆమె 1259-60 ప్రాంతం నుంచే తండ్రితో కలిసి పాలనలో ఉంది, 1262-63 నుంచి పూర్తి భారం తనదే. అందరికీ తెలిసే ఒక ఆడపిల్ల రాజ్యం చేసింది. నా ఉద్దేశంలో దాచిపెట్టి పాలించడం కన్నా ఇదే కష్టమైన పని. వేషం వేసుకున్నవాళ్ళకు వేషం అండగా ఉంటుంది. ఈమెకు అదీ లేదు.

అయితే మగపేరు సంగతి పూర్తిగా కట్టుకథ కాదు. చాలా శాసనాల్లో ఆమె పేరు "రుద్రదేవ మహారాజు" అనే ఉంటుంది. గణపతిదేవుడు ఆమెను కొడుకుగా ఎంచి రుద్రుడనే పేరు పెట్టాడని విద్యానాథుడి ప్రతాపరుద్రీయం కూడా చెప్తుంది. రాజు అనే పదవికి ఆనాడు మగ మాటలే ఉన్నాయి, ఆ పదవిలో ఆమె కూర్చుంది కాబట్టి ఆ మాటలే ఆమెకూ వాడారు. మన ఊళ్ళో సర్పంచిగా ఆడమనిషి గెలిచినా "సర్పంచి గారు వచ్చారు" అంటూ ఆమె భర్తకు కుర్చీ వేస్తారు చూడండి, దానికి ఇది తిరగేసిన వ్యవహారం. అక్కడ పదవి ఆమెది, కుర్చీ ఆయనది. ఇక్కడ పేరు మగది, కుర్చీ మాత్రం ఆమెదే.

అన్నం దగ్గర మన పేరు

మల్కాపురం శాసనంలో నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వని భాగం వేరే ఉంది. ఊరు పుచ్చుకున్న విశ్వేశ్వర శివాచార్యుడు అక్కడ గుడి, మఠం, బడి, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల ఏర్పాటు చేశాడు. మూడు వేదాలు చెప్పడానికి ముగ్గురు, వ్యాకరణం, తర్కం, సాహిత్యం, ఆగమం వంటివి చెప్పడానికి ఐదుగురు అధ్యాపకులు. ఒక వైద్యుడు. లెక్కలు రాయడానికి ఒక కాయస్థుడు. చదువుతుంటే నాకు మన హాస్టలే గుర్తొచ్చింది. వార్డెన్, ట్యూటర్లు, వంటమనిషి, స్టాక్ రిజిస్టర్ రాసే సారు, నెలకోసారి వచ్చే డాక్టరమ్మ. ప్రసూతిశాల అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. మా అమ్మమ్మ ఐదుగురినీ ఇంట్లోనే కన్నది. ఏడు వందల ఏళ్ళ కిందట కృష్ణ ఒడ్డున కాన్పుల కోసం ఒక ఇల్లు కట్టారంటే మా అమ్మమ్మ నమ్మలేదు.

సత్రం దగ్గర ఒక నిబంధన ఉంది. బ్రాహ్మణుడు మొదలు చండాలుడి వరకు ఎవరు ఏ వేళ వచ్చినా అన్నం పెట్టాలి. 

ఆ మాట మొదటిసారి చదివినప్పుడు లైబ్రరీలో పుస్తకం మూసి బయటికొచ్చి కాసేపు కూర్చున్నాను. సంతోషమా, కోపమా నాకే తెలియలేదు. ఆ కాలంలో మనవాళ్ళకు కూడా అన్నం పెట్టాలని రాతి మీద రాయించారు, అది చిన్న విషయం కాదు. ఎంతమంది రాజులు రాయించారు? కానీ వరసలో ఆ కొసన మనల్ని ఏ మాటతో పిలిచారో కూడా ఆ రాతి మీదే ఉంది. ఇంకొకటి, అన్నం దగ్గర మన పేరు ఉంది, బడి దగ్గర లేదు. అన్నం, చదువు రెండూ ఒకే కప్పు కింద మన పిల్లలకు దొరకడానికి అక్కడి నుంచి దాదాపు ఏడు వందల ఏళ్ళు పట్టింది. హాస్టల్ అన్నంలో రాళ్ళు వచ్చాయని ప్లేటు నెట్టేసిన రోజులు నాకూ ఉన్నాయి. అట్లా నెట్టేయడానికి ఒక ప్లేటు, దాని పక్కన ఒక పుస్తకం ఉండటం ఎంత కొత్త సంగతో ఆ రాయి చూశాకే తెలిసింది.

ఇక్కడ ఒకటి న్యాయంగా చెప్పాలి. ఆసుపత్రి, ప్రసూతిశాల రుద్రమే కట్టించిందని ఉపన్యాసాల్లో చెప్తుంటారు. శాసనం ప్రకారం ఏర్పాట్లు గురువువి, వాటికి ఆధారమైన ఊళ్ళను ఇచ్చింది ఆమె. పేరున్న మనిషి దగ్గరకు చుట్టుపక్కల వాళ్ళు చేసిన మంచి కూడా వచ్చి చేరుతుంది. కీర్తి లక్షణం అది.

జపాన్‌లో హిమికో

రుద్రమను ఇంతగా వెతకడానికి నాకు కారణమైనది జపాన్ దేశపు ఒక పాత రాణి. పీజీ క్లాసులో ఆమె గురించి విన్నాను. పేరు హిమికో. క్రీ.శ. 3వ శతాబ్దం మనిషి, అంటే రుద్రమకు వెయ్యేళ్ళ ముందు. జపాన్‌లో బడికి పోయే ప్రతి పిల్లా ఆమె పేరు చదువుతుంది. కానీ ఆమె వేయించిన శాసనం ఒక్కటీ లేదు. జపాన్ వాళ్ళ పాత చరిత్ర గ్రంథాలు కొజికి (712), నిహోన్ షోకి (720) హిమికో అనే పేరుతో ఏ రాణి కథనూ చెప్పవు. ఆమె గురించి మనకు తెలిసిందంతా చైనా వాళ్ళ పుస్తకం వల్లే. చెన్ షౌ అనే చైనా చరిత్రకారుడు ఆ 3వ శతాబ్దంలోనే రాశాడు. చాలాకాలం కొట్లాటల తరవాత అక్కడి వాళ్ళు ఒక స్త్రీని రాణిగా పెట్టుకున్నారనీ, ఆమె పెళ్ళి చేసుకోలేదనీ, వెయ్యిమంది పరిచారికలు ఉండేవారనీ, తమ్ముడు పాలనలో సాయం చేసేవాడనీ అందులో ఉంది. 238-39లో ఆమె పంపిన దూతలకు చైనా చక్రవర్తి బంగారు ముద్ర, వంద కంచు అద్దాలు ఇచ్చాడు. ఆమె చనిపోయాక ఒక మగవాణ్ణి రాజును చేస్తే మళ్ళీ కొట్లాటలు మొదలయ్యాయి, చివరకు ఆమె బంధువుల్లో పదమూడేళ్ళ పిల్లను గద్దె ఎక్కించాకే సద్దుమణిగింది.

పదమూడేళ్ళంటే మన ఎనిమిదో తరగతి పిల్ల. 

హిమికో రాజ్యం యామాటాయ్ ఎక్కడ ఉండేదో ఇప్పటికీ తేలలేదు. క్యూషూ దీవి అని కొందరు, నారా ప్రాంతం అని కొందరు. రెండు వైపుల వాళ్ళూ తవ్వకాలు చేస్తూనే ఉన్నారు, మాదంటే మాదని. ఈ వాదన వల్లే ఆమె పేరు ఇంకా వినబడుతోందని కూడా అనుకోవచ్చు. నన్ను పట్టుకున్న విషయం ఇంకొకటి. చైనా వాళ్ళు ఆమె పేరు రాయడానికి వాడిన అక్షరాల్లో మొదటిదానికి "తక్కువ, నీచం" అని అర్థం. ఇరుగు దేశాల వాళ్ళ పేర్లను వాళ్ళు అట్లాంటి అక్షరాలతో రాయడం అలవాటు. మన తాతల పేర్ల చివర "అయ్య" తీసేసి "గాడు" అని రాసిన పాత కాగితాలు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటాయి. మా ఇంట్లో ఉంది ఒకటి. కలం ఎవరి చేతిలో ఉంటే పేరు వాళ్ళ నోటితో పలుకుతుంది. హిమికో పేరు పదిహేడు వందల ఏళ్ళుగా పొరుగువాడి కలంతోనే బతుకుతోంది.

రుద్రమకు ఆ ఇబ్బంది సగమే. పొరుగువాడు తప్పు చెప్పినా, ఇంటివాళ్ళు తప్పు చెప్పినా, సరిచేయడానికి రాయి ఉంది.

పేరు మిగలని చెల్లెలు, పేరు మిగిల్చిన సిపాయి

రాయి ఉన్నంత మాత్రాన కీర్తి వస్తుందా అంటే అదీ లేదు. గణపతిదేవుడికి గణపాంబ అని ఇంకో కూతురు ఉంది. ఆమెను అమరావతి పక్కన ధరణికోటను ఏలిన కోట వంశంలో బేతరాజుకు ఇచ్చారు. భర్త చనిపోయాక ఆమే ఆ రాజ్యం చూసుకుంది. ఆయన జ్ఞాపకంగా ఆయన పేరుతోనే ధరణికోటలో శివాలయం కట్టించింది. గుంటూరు జిల్లాలోనే యనమదల ఊళ్ళో ఆమె శాసనం ఉంది. మార్కోపోలో చెప్పిన "భర్త పోయాక అతనిలాగే పాలిస్తున్న రాణి" అనే మాట నిజానికి రుద్రమకన్నా ఈమెకే అతుకుతుంది. ఆ ఇద్దరి కబుర్లూ రేవులో కలిసిపోయాయేమోనని నాకొక ఊహ. ఇది పరీక్షలో రాయకండి, మార్కులు పోతాయి.

గణపాంబ పేరు మీలో ఎంతమంది విన్నారు? నేను డిగ్రీ అయ్యే వరకు వినలేదు. ధరణికోట పక్క ఊళ్ళ నుంచి వచ్చి మన హాస్టల్లో చదివిన స్నేహితురాలు కూడా వినలేదు. పాఠ్యపుస్తకంలో ఒక పేరా, ఒక నవల, ఒక సినిమా లేకపోతే రాయి ఉన్నా లేనట్టే. రుద్రమకు అవన్నీ దొరికాయి. అడివి బాపిరాజు గారి "గోన గన్నారెడ్డి", రేపల్లెలో ఉండి రాసిన నోరి నరసింహశాస్త్రి గారి "రుద్రమదేవి" నవలల ద్వారా రెండు తరాల వాళ్ళు ఆమెను ఇంటి మనిషిలా తెలుసుకున్నారు. హైదరాబాదులో ట్యాంక్‌బండ్ మీద ఆమె విగ్రహం ఉంది. ఇప్పుడు ఆమె మా కులం అంటే మా కులం అని పోట్లాడుకునేవాళ్ళూ ఉన్నారు. చాలా కాకతీయ శాసనాలు తమది నాలుగో వర్ణమని చెప్తాయి, కొన్ని సూర్యవంశమంటాయి. పోట్లాడేవాళ్ళు తమకు కావలసిన రాయినే చదువుతారు.

ఆమెకు ఎదురు తిరిగినవాళ్ళూ పేరు కోసం తక్కువ కష్టపడలేదు. కాయస్థ సామంతుడు అంబదేవుడు తిరగబడి, 1290లో మార్కాపురం వైపు ఉన్న త్రిపురాంతకం గుడిలో తన విజయాలన్నీ పెద్ద శాసనంగా చెక్కించుకున్నాడు. ఎవరెవరిని ఓడించాడో వరసబెట్టి ఉంది. త్రిపురాంతకం తిరనాళ్ళకు పోయేవాళ్ళను అంబదేవుడెవరని అడిగి చూడండి.

రుద్రమ ఎప్పుడు చనిపోయిందో చాలాకాలం సరిగ్గా తెలియదు. 1295 దాకా పాలించిందనే పుస్తకాల్లో ఉండేది. చివరికి అది తేల్చింది రాజులు వేయించిన శాసనం కాదు. ఇప్పటి తెలంగాణలో నల్గొండ జిల్లా చందుపట్ల అనే ఊళ్ళో ఒక చిన్న శాసనం దొరికింది. దాని తేదీ 1289 నవంబరు 27. రుద్రమదేవికీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకం కలగాలని పువ్వుల ముమ్మడి అనే బంటు సోమనాథ దేవుడికి కొంత భూమి ఇచ్చాడు. అదీ అందులోని విషయం. రాణి, సేనాని ఇద్దరి పేర్లూ కలిపి ఉండటాన్ని బట్టి అంబదేవుడి మీద యుద్ధంలో ఇద్దరూ మరణించి ఉంటారని చరిత్రకారులు భావిస్తున్నారు. అప్పటికి ఆమె మనవలను ఎత్తిన మనిషి. ఆమె తరవాత గద్దె ఎక్కిన ప్రతాపరుద్రుడు ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకే.

ఈ వ్యాసం రాసుకుంటూ ఒక రాత్రి ఇదంతా మా అమ్మకు చెప్పాను. మిరపకాయల ఘాటుకు చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుంటూ వింది. ఓరుగల్లు కోట, మార్కోపోలో, జపాన్ రాణి, వీటి దగ్గర ఊ కొట్టింది. చందుపట్ల దగ్గరకు వచ్చేసరికి నూనె రాయడం ఆపింది.

"ఆయన పేరేందన్నావ్?"

"పువ్వుల ముమ్మడి."

"బంటంటే జీతగాడేగా. ఆయనకు పొలం యాడిదంట ఇయ్యటానికి?"

సేనాని దగ్గర కొలువు చేసినందుకు వచ్చి ఉంటుందని చెప్పాను. "ఉన్న కాస్తా ఆమె పేరు మీద ఇచ్చాడన్నమాట" అంది. మళ్ళీ కాసేపాగి, "ఆయన పేరు గూడా రాశాడు చూడు రాయి మీద" అంది. మరుసటి వారం కూలి డబ్బులకు పోయేటప్పుడు నన్ను వెంట రమ్మంది. మేస్త్రి పుస్తకంలో నాన్న పేరు కొట్టేయించి తన పేరు రాయించింది. తరవాత మిగతా ఆడవాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఇద్దరి అసలు పేర్లు మేస్త్రికే కాదు, ముఠాలో ఎవరికీ తెలియవు. ఒకామె తన పేరు చెప్పడానికి సిగ్గుపడి నవ్వింది.

మా పరీక్షలు అయ్యాక నేను మల్కాపురం మళ్ళీ వెళ్తున్నాను. సచివాలయం బస్సెక్కితే మందడంలో దిగొచ్చు, అక్కడి నుంచి నడకే. శాసనం మీద సుద్ద రాయడం, నీళ్ళు పోయడం చేయకూడదు, అక్షరాలు పాడవుతాయి. పొద్దున్నే పోతే ఎండ పక్కవాటంగా పడి అక్షరాలు బాగా కనపడతాయి. నాతో రావాలనుకునే చెల్లెళ్ళు ఒక కాగితం మీద మీ పేరు, కింద మీ అమ్మ పేరు రాసి వార్డెన్ మేడమ్ గారికి ఇవ్వండి.